రెండు శాఖలు, ఒకే డిగ్రీ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

సాంకేతిక విశ్వవిద్యాలయాల్లో రెండు మూడు శాఖలు కలిపి ఇచ్చే డిగ్రీల గురించి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే సందేహాన్ని వేర్వేరు మాటల్లో అడిగినవాటిని కలిపేశాం. ఒక్క మనవి: ‘ఏ యూనివర్సిటీ మంచిది?’ అని అడిగినవారికి ఇక్కడ పేరు దొరకదు. చేతిలో ఉన్న సిలబస్‌ను ఎలా చదవాలో మాత్రం దొరుకుతుంది.

ప్రశ్న: మైనర్, డబుల్ మేజర్, డ్యూయల్ డిగ్రీ, ఇంటర్‌డిసిప్లినరీ డిగ్రీ... ఒక్కో విశ్వవిద్యాలయం ఒక్కో మాట వాడుతోంది. అన్నీ ఒకటేనా?

జవాబు: కావు. క్రెడిట్ల (చదివే గంటలను బట్టి ప్రతి సబ్జెక్టుకూ ఇచ్చే పాయింట్ల) లెక్క చూస్తే తేడా తెలిసిపోతుంది.

మైనర్‌లో మీ సొంత బ్రాంచి యథాతథంగా ఉంటుంది. దాని మీద ఇంకో శాఖ నుంచి ఐదారు సబ్జెక్టులు అదనంగా చదువుతారు. భారతదేశంలో సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ నమూనా పాఠ్యప్రణాళికలో బీటెక్‌కు 160 క్రెడిట్లు. మైనర్ గానీ ఆనర్స్ గానీ కావాలంటే ఆ పైన మరో 18 నుంచి 20 చేయాలి. డబుల్ మేజర్ (రెండు ప్రధాన శాఖలు)లో పట్టా ఒకటే, కానీ రెండు శాఖల నిబంధనలూ పూర్తిగా తీర్చాలి. గణితం, భౌతికశాస్త్రం లాంటి ఉమ్మడి సబ్జెక్టులు ఒకసారి చదివితే చాలు కాబట్టి భారం రెట్టింపు కాదు. అయినా ఒకటి రెండు సెమిస్టర్లు పెరగడం మామూలే. డ్యూయల్ డిగ్రీ అంటే రెండు పట్టాలు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో ఐదేళ్ల కోర్సు ఇందుకు మంచి ఉదాహరణ: కంప్యూటర్ సైన్స్‌లో బీటెక్, దాంతోపాటు కంప్యూటేషనల్ లింగ్విస్టిక్స్ లాంటి రంగంలో పరిశోధన చేసి తెచ్చుకునే ఎంఎస్.

అసలు ఇంటర్‌డిసిప్లినరీ అనదగినవి ఇవేవీ కావు. రెండు శాఖలు కూర్చుని ఒకే పాఠ్యప్రణాళిక రాసుకుని, రెండింటిలో ఏ ఒక్కదానికీ చెందని సబ్జెక్టులు కొన్ని కొత్తగా పెడితే అది ఇంటర్‌డిసిప్లినరీ. అమెరికాలోని ఎంఐటీలో కంప్యూటర్ సైన్స్, మాలిక్యులర్ బయాలజీ కలిసిన 6-7 అనే నంబరు కోర్సు, కంప్యూటర్ సైన్స్, ఎకనామిక్స్, డేటా సైన్స్ కలిసిన 6-14 ఈ కోవలోవి. జార్జియా టెక్‌లో 2004లో మొదలైన కంప్యూటేషనల్ మీడియా డిగ్రీని కంప్యూటింగ్ కాలేజీ, లిబరల్ ఆర్ట్స్ కాలేజీ కలిసి నడుపుతాయి. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో నానోబయాలజీ డిగ్రీలో రోటర్‌డామ్‌లోని ఎరాస్మస్ వైద్య కేంద్రం భాగస్వామి.

ఒక్క ప్రశ్న వేస్తే తేలిపోతుంది: ‘రెండు శాఖలూ కలిసి చెప్పే సబ్జెక్టులు ఎన్ని?’ జవాబు సున్నా అయితే, పేరు ఏదైనా అది రెండు శాఖల ఎలక్టివ్‌ల (ఎంచుకుని చదివే సబ్జెక్టుల) మూట. మూట చెడ్డదని కాదు. కానీ కలపాల్సిన పని అంతా విద్యార్థి నెత్తిన పడుతుందని తెలిసి చేరాలి.

ప్రశ్న: మా అమ్మాయి పన్నెండో తరగతి పూర్తి చేసింది. బయోఇన్ఫర్మాటిక్స్ లాంటి కలగలుపు కోర్సుల బ్రోచర్లు నాలుగు ముందు పెట్టుకుని కూర్చున్నాం. అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి. ఏది గట్టిదో ఎలా తేల్చుకోవాలి?

జవాబు: ముందు బ్రోచర్లు పక్కన పెట్టండి. మీకు కావాల్సినవి మూడు కాగితాలు: ఆ డిగ్రీ అకడమిక్ రెగ్యులేషన్స్, సెమిస్టర్‌వారీ సిలబస్, గడిచిన రెండేళ్ల టైమ్‌టేబుళ్లు. మొదటి రెండూ సాధారణంగా యూనివర్సిటీ సైట్‌లోనే ఉంటాయి. మూడోది అడిగి తెచ్చుకోవాలి. ఇవ్వడానికి వెనకాడితే అదీ ఒక సమాచారమే.

ఇప్పుడు ఒక తెల్లకాగితం మీద ఏ సబ్జెక్టుకు ముందు ఏది చదివి ఉండాలో బాణాలు గీయండి. బయోఇన్ఫర్మాటిక్స్‌నే తీసుకుంటే కంప్యూటర్ వైపు గొలుసు ఇలా ఉండాలి: ప్రోగ్రామింగ్, డిస్క్రీట్ మ్యాథ్స్, డేటా స్ట్రక్చర్స్, అల్గారిథమ్స్. జీవశాస్త్రం వైపు: జనరల్ బయాలజీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ, మాలిక్యులర్ బయాలజీ, ఆ తర్వాతే జీనోమిక్స్. మూడో గొలుసు చిన్నదే గానీ తప్పనిసరి: ప్రాబబిలిటీ, ఆపైన స్టాటిస్టిక్స్. ఈ మూడూ కలిసే చోట సీక్వెన్స్ అలైన్‌మెంట్ లాంటి సబ్జెక్టు రావాలి. రెండు డీఎన్ఏ లేదా ప్రోటీన్ వరుసల్ని పోల్చే స్మిత్-వాటర్‌మన్ పద్ధతి డైనమిక్ ప్రోగ్రామింగ్ (పెద్ద లెక్కను చిన్న లెక్కలుగా విడగొట్టి చేసే పద్ధతి) మీద నడుస్తుంది. అల్గారిథమ్స్ చదవకుండా ఆ క్లాసులో కూర్చుంటే నేర్చుకునేది సాఫ్ట్‌వేర్‌లో ఏ బటన్ నొక్కాలో మాత్రమే. బయోకెమిస్ట్రీ లేకుండా కూర్చుంటే, ఒక అమైనో ఆమ్లం స్థానంలో మరొకటి వస్తే దానికి తక్కువ శిక్ష (స్కోరులో కోత) ఎందుకో, ఇంకొకదానికి ఎక్కువ శిక్ష ఎందుకో అర్థం కాదు. అంకెలు బట్టీ పడతారు.

గొలుసులు గీశాక లోతు కొలవండి. ఒక్క వైపైనా బాణాలు నాలుగు మెట్లు దిగాలి. రెండు వైపులా రెండేసి మెట్ల దగ్గరే ఆగిపోయి, మూడో సంవత్సరమంతా ‘పరిచయం’, ‘మౌలికాంశాలు’, ‘అవలోకనం’ అనే పేర్లున్న సబ్జెక్టులే కనిపిస్తే ఆ కోర్సు వద్దు. ఒక కలగలుపు డిగ్రీ విలువ మూడో సంవత్సరం సిలబస్‌లో తేలుతుంది. మొదటి ఏడాది అందరిదీ ఒకటే. నాలుగో ఏడాది ప్రాజెక్టులతో గడిచిపోతుంది.

తర్వాత క్రెడిట్ల లెక్క. అమెరికాలో ఇంజినీరింగ్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే ఏబెట్ సంస్థ కనీసం 30 సెమిస్టర్ క్రెడిట్ల గణితం, మూలవిజ్ఞానాలు, కనీసం 45 క్రెడిట్ల ఇంజినీరింగ్ సబ్జెక్టులు, చివర్లో ఒక పెద్ద డిజైన్ ప్రాజెక్టు ఉండాలంటుంది. మొత్తం 128 క్రెడిట్ల డిగ్రీ అనుకుందాం. 75 అక్కడే పోయాయి. మిగిలిన 53లో భాష, మానవీయశాస్త్రాలు, ఇతర తప్పనిసరి సబ్జెక్టులకు 20 నుంచి 25 తీసేస్తే రెండో శాఖకు దక్కేది దాదాపు 30. అంటే పది సబ్జెక్టులు. కాస్త తెలివిగా, ఒకదానిమీద ఒకటి ఎక్కేలా పేరిస్తే పది సబ్జెక్టుల్లో మంచి లోతే వస్తుంది. కానీ ఇంజినీరింగ్ డిగ్రీ పూర్తిగా, రెండో శాఖ కూడా పూర్తిగా, అదీ నాలుగేళ్లలో ఇస్తామని ఎవరైనా అంటే ఎక్కడ కోత పెట్టారో అడగండి. తరచుగా కోత పడేది ప్రయోగశాలలకూ, గణితానికీ.

మూడో కాగితం, టైమ్‌టేబుల్, ఎందుకంటే సిలబస్‌లో అచ్చయిన ఎలక్టివ్‌లన్నీ నడవవు. ఇరవై పేర్లు అచ్చువేసి ఏటా ఆరు నడిపే చోట్లు ఉన్నాయి. మీ అమ్మాయికి అవసరమైన గొలుసులో ఆఖరి మెట్టు గడిచిన రెండేళ్లలో కనీసం ఒకసారైనా నడిచిందా, ఎవరు చెప్పారు, వారు ఆ యూనివర్సిటీ సొంత అధ్యాపకులా, బయటినుంచి వచ్చి పోయేవారా చూడండి.

ప్రశ్న: ‘అన్నీ కొంచెం కొంచెం వచ్చినవాడు ఏదీ రానివాడే’ అంటున్నారు పెద్దవాళ్లు. రోబోటిక్స్ డిగ్రీ కన్నా మెకానికలో ఎలక్ట్రానిక్సో చేసి తర్వాత రోబోటిక్స్ నేర్చుకోవడం మేలు కాదా?

జవాబు: పెద్దవాళ్ల భయంలో నిజం ఉంది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం బయోమెడికల్ ఇంజినీరింగ్‌ను డిగ్రీ స్థాయిలో విడిగా ఇవ్వదు. మెకానికల్, కెమికల్, ఎలక్ట్రికల్ లాంటి ఒక సంప్రదాయ శాఖతో కలిపి అదనపు మేజర్‌గా మాత్రమే తీసుకోవాలి. ఇంజినీరింగ్ అండ్ పబ్లిక్ పాలసీ కూడా అక్కడ అదనపు మేజరే. ముందు ఒక చోట కాలూనండి, తర్వాత రెండో చెయ్యి చాపండి అన్నది వారి ఉద్దేశం. మా ఉద్దేశమూ అదే.

రోబోటిక్స్ మాత్రం ఇప్పటికే సొంత కాళ్లమీద నిలబడగల శాఖగా మారింది. ఇలాంటి మార్పు కొత్త కాదు. గణితం, ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ మధ్య పుట్టిన కంప్యూటర్ సైన్స్‌కు పర్డ్యూ విశ్వవిద్యాలయం 1962లో విడిగా విభాగం పెట్టింది. లోహశాస్త్రం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం కలిపి పదార్థాల మీద పనిచేయడానికి 1960లో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ ఆర్పా నిధులతో కార్నెల్, పెన్సిల్వేనియా, నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయాల్లో ఇంటర్‌డిసిప్లినరీ ప్రయోగశాలలు వెలిశాయి. ఈరోజు మెటీరియల్స్ సైన్స్‌ను ఎవరూ కలగలుపు కోర్సు అనరు.

కాబట్టి రోబోటిక్స్ డిగ్రీలో ఇవి ఉన్నాయో లేదో చూడండి: లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, స్టాటిక్స్, డైనమిక్స్, సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్, కంట్రోల్, మైక్రోకంట్రోలర్ ల్యాబ్, ప్రాబబిలిటీ. సిగ్నల్స్ తీసేసి నేరుగా కంట్రోల్ చెప్తే మోటారును అదుపుచేసే పీఐడీ కంట్రోలర్ మూడు అంకెల్ని తిప్పి తిప్పి చూడటం తప్ప, మోటారు ఎందుకు ఊగిపోతోందో చెప్పలేరు. స్టాటిక్స్ లేకపోతే రోబో చేయి పొడవు, మోయాల్సిన బరువు చూసి మోటారుకు ఎంత టార్క్ (తిప్పే బలం) కావాలో లెక్కకట్టలేరు. ప్రాబబిలిటీ లేకపోతే, తప్పులున్న సెన్సర్ కొలతల నుంచి అసలు స్థితిని అంచనా వేసే కాల్మన్ ఫిల్టర్ ఒక మంత్రంలా మిగిలిపోతుంది. ఈ ఎనిమిదిలో రెండుకు మించి లోపిస్తే మెకానికల్ గానీ ఎలక్ట్రానిక్స్ గానీ చేసి రోబోటిక్స్‌లో మైనర్ తీసుకోవడమే మేలు. అన్నీ ఉంటే నిశ్చింతగా చేరండి.

ప్రశ్న: చేరిపోయాను. రెండో సంవత్సరం. రెండు శాఖల సబ్జెక్టులు ఒకేసారి నడుస్తుంటే ఊపిరాడటం లేదు. తప్పు నాదా, కోర్సుదా?

జవాబు: చాలావరకు టైమ్‌టేబుల్‌ది.

మొదట గంటల లెక్క వేసుకోండి. అమెరికా పద్ధతిలో ఒక క్రెడిట్ అంటే వారానికి ఒక గంట క్లాసు, దానికి తోడు బయట రెండు గంటల చదువు, సుమారు 15 వారాలు. 15 క్రెడిట్లు తీసుకుంటే వారానికి 45 గంటలు. యూరప్ పద్ధతిలో ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కోటి 25 నుంచి 30 గంటల పని. భారతదేశంలో ఒక గంట లెక్చర్‌కు ఒక క్రెడిట్, ల్యాబ్‌కైతే రెండు గంటలకు ఒకటి. ల్యాబ్‌లు ఎక్కువున్న రెండు శాఖలు కలిస్తే క్రెడిట్లు తక్కువగానే కనబడతాయి గానీ గంటలు పెరిగిపోతాయి. ఊపిరాడకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. మూడు ల్యాబ్‌లు ఒకే సెమిస్టర్‌లో పడకుండా చూసుకోండి. రెండు చాలు.

రెండోది, ఏటా ఒకే ఒక్కసారి నడిచే సబ్జెక్టులు. ఆర్గానిక్ కెమిస్ట్రీ ఒక సెమిస్టర్‌లోనే ఉండి అది తప్పిపోతే, దాని మీద ఆధారపడ్డ బయోకెమిస్ట్రీ ఏడాది వెనక్కి పోతుంది, ఆ వెనక ఉన్నవన్నీ పోతాయి. మీ గొలుసుల కాగితంలో అలాంటి సబ్జెక్టులకు ఎర్ర సున్నా చుట్టండి. వాటి చోటు ముందు ఖాయం చేసి, మిగిలినవి చుట్టూ సర్దండి.

మూడోది, రిజిస్ట్రేషన్ వరుస. చాలాచోట్ల ఒక శాఖ సబ్జెక్టులో సీట్లు ముందు ఆ శాఖ విద్యార్థులకే ఇస్తారు. మీరు రెండు శాఖలకూ చెందినవారు కాబట్టి ఎక్కడా ముందువరుసలో లేరు. మీ ప్రోగ్రాం సమన్వయకర్తతో సీట్ల కోటా గురించి లిఖితపూర్వకంగా మాట తీసుకోండి. నోటిమాట సెమిస్టర్ మారితే గుర్తుండదు.

చివరగా, ఒకే సబ్జెక్టును రెండు ఖాతాల్లో లెక్కించుకోవడం. మైనర్‌కూ మేజర్‌కూ కలిపి ఎన్ని క్రెడిట్లు ఉమ్మడిగా చూపొచ్చో నిబంధనల్లో ఉంటుంది. కొన్నిచోట్ల ఒక్కటీ కుదరదు. చివరి సెమిస్టర్‌లో బయటపడితే ఇంకో సెమిస్టర్ ఫీజు కట్టాల్సి వస్తుంది. రెండో సంవత్సరం ముగిసేలోపు డిగ్రీ ఆడిట్ తీయించి, ఏ సబ్జెక్టు ఏ ఖాతాలో పడిందో కాగితం మీద చూసుకోండి.

ప్రశ్న: చివరి ఏడాది ప్రాజెక్టుకు మాకు ఇద్దరు గైడ్‌లు: ఒకరు ఎలక్ట్రానిక్స్, ఒకరు ఫిజియాలజీ. నడకను కొలిచే కాలి పట్టీ చేయాలి. బృందంలో నలుగురం. ఇలాంటివాటిలో ఎక్కడ దెబ్బతింటారు?

జవాబు: ఎవరి ముక్క వాళ్లు బాగానే చేస్తారు. కలిపే రోజున దెబ్బతింటారు. నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ నౌక 1999లో నాశనమైంది ఇలాగే. ఒక బృందం సాఫ్ట్‌వేర్ థ్రస్టర్ల ప్రేరణను పౌండ్-సెకన్లలో ఇచ్చింది, దాన్ని అందుకున్న బృందం న్యూటన్-సెకన్లు అనుకుంది. అంత పెద్ద సంస్థలోనే జరిగితే నలుగురు విద్యార్థుల మధ్య జరగదా?

అందుకని మొదటి నెల దాటకముందే రెండు పేజీల ఒప్పందం రాసుకోండి. త్వరణం సెకను వర్గానికి మీటర్లలోనా, ‘జీ’ల్లోనా (భూమి గురుత్వ త్వరణంతో పోల్చి), సెకనుకు ఎన్ని నమూనాలు (నడకకు 100 బాగా సరిపోతాయి), రెండు కాళ్ల పట్టీల గడియారాలు ఎలా కలుస్తాయి, ఫైల్‌లో ఏ నిలువు వరుసలో ఏముంటుంది, సెన్సర్ ఏ దిక్కుకు తిప్పి కడతారు, సిగ్నల్ వోల్టేజి ఎంత. చివరిది మరిచిపోతే ఖరీదు ఎక్కువ: 5 వోల్టుల సిగ్నల్‌ను, 3.3 వోల్టులకు మించి తట్టుకోలేని మైక్రోకంట్రోలర్ పిన్‌కు కలిపితే చిప్ కాలిపోవచ్చు.

మనుషుల మీద కొలతలు తీస్తారు కాబట్టి ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. స్నేహితులనే నడిపించినా సరే, ఫలితాలను పరిశోధనగా చూపాలనుకుంటే అడగాల్సిందే. కమిటీలు వారాలు తీసుకుంటాయి, సవరణలు అడిగితే ఇంకొన్ని వారాలు. అనుమతికి ముందు సేకరించిన డేటాను తర్వాత వాడుకోనివ్వరు. దరఖాస్తు మొదటి నెలలోనే పెట్టండి. ఈ సంగతి ఫిజియాలజీ గైడ్‌కు తెలుసు, ఎలక్ట్రానిక్స్ గైడ్‌కు తట్టకపోవచ్చు. మరోవైపు, సర్క్యూట్ బోర్డు ఒక్కసారికే సరిగ్గా రాదనీ, కనీసం రెండుసార్లు చేయించాల్సి వస్తుందనీ ఫిజియాలజీ గైడ్‌కు తట్టదు. అందుకే ఇద్దరినీ నెలకు ఒక్కసారైనా ఒకే గదిలో కూర్చోబెట్టండి. విడివిడిగా కలిస్తే ఇద్దరూ తమ శాఖకు నచ్చే పని చెప్తారు, మీ చేతిలో రెండు ప్రాజెక్టులు తేలతాయి.

రెండు సెమిస్టర్లు, అంటే సుమారు 30 వారాలు ఉంటే, పన్నెండో వారానికల్లా మొత్తం గొలుసు ఒకసారి నడవాలి. డొల్లగా ఉన్నా ఫర్వాలేదు: బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా తీగలు గుచ్చే పలక) మీద సెన్సర్, తీగతో కంప్యూటర్‌కు డేటా, ఒక్క మనిషి పది అడుగులు, తెరమీద ఒక గ్రాఫ్. ఆ గ్రాఫ్‌లో మడమ నేలను తాకిన క్షణం కనబడాలి. కనబడకపోతే నమూనాల వేగమో, సెన్సర్ చోటో తప్పు. అది పన్నెండో వారంలో తెలిస్తే సరిదిద్దుకోవచ్చు, ఇరవయ్యారో వారంలో తెలిస్తే నివేదికలో సాకులు రాసుకోవాలి. ఇరవయ్యో వారం తర్వాత కొత్త ఫీచర్లు ఏవీ చేర్చవద్దు.

మార్కుల సంగతి కూడా ముందే తేల్చుకోండి. ఇద్దరు గైడ్‌లూ ఒకే పట్టికతో దిద్దుతారా, సగం సగమా? ఎలక్ట్రానిక్స్ పరీక్షకుడు ‘సర్క్యూట్‌లో కొత్తదనమేది?’ అంటాడు. ఫిజియాలజీ పరీక్షకుడు ‘ఎంతమందిని కొలిచారు?’ అంటాడు. రెండింటికీ జవాబివ్వబోయి రెండూ సగంలో ఆగిన ప్రాజెక్టులు చాలా ఉంటాయి. ప్రాజెక్టు ప్రధాన ప్రశ్న ఏ శాఖదో ఒక్క వాక్యంలో రాసి ఇద్దరి సంతకాలూ తీసుకుంటే ఈ గొడవ ఉండదు.

ఇంకో మాట. అమెరికాలో వూస్టర్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూట్ 1970లో తెచ్చిన పాఠ్యప్రణాళికలో సమాజ సమస్యల మీద చేసే ప్రాజెక్టు వేరు, సొంత శాఖలో చేసే ప్రాజెక్టు వేరు. మొదటిది ఒక్కటే మూడు సబ్జెక్టులకు సమానం. మీ దగ్గర అంత వెసులుబాటు లేకపోతే, నాలుగు క్రెడిట్ల ప్రాజెక్టుకు పన్నెండు క్రెడిట్ల ఆశ పెట్టుకోవద్దు.

ప్రశ్న: డిగ్రీ పేరు కొత్తగా ఉంటే ఉద్యోగ దరఖాస్తుల్లో, విదేశాల్లో గుర్తింపులో ఇబ్బంది వస్తుందా?

జవాబు: ప్రైవేటు కంపెనీల్లో తక్కువ. మీరు ఏం చేయగలరో వాళ్లు అడుగుతారు. ‘సంబంధిత బ్రాంచిలో డిగ్రీ’ అని జాబితా ఇచ్చే ఉద్యోగాల్లో వస్తుంది. అక్కడ పేరు అక్షరం తేడా ఉన్నా దరఖాస్తు పక్కకు పోవచ్చు. చేరేముందే మీరు ఆశించే ఉద్యోగాల పాత నోటిఫికేషన్లు రెండు మూడు తీసి, అర్హత గడిలో ఏ పేర్లున్నాయో చూడండి. సమానత్వ ధ్రువపత్రం (ఈ డిగ్రీ ఫలానా బ్రాంచికి సమానమని తెలిపే పత్రం) ఇస్తారా అని యూనివర్సిటీని అడగండి.

విదేశీ గుర్తింపు విషయంలో తరచుగా జరిగే పొరపాటు, యూనివర్సిటీకి పేరుంటే చాలనుకోవడం. 1989 నాటి వాషింగ్టన్ ఒప్పందం కింద ఇంజినీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తిస్తాయి, కానీ గుర్తింపు కోర్సుకు, యూనివర్సిటీకి కాదు. ఒకే క్యాంపస్‌లో సివిల్‌కు ఉండి, కొత్తగా పెట్టిన కలగలుపు డిగ్రీకి లేకపోవచ్చు. భారతదేశం తరఫున కోర్సులకు గుర్తింపు ఇచ్చే ఎన్‌బీఏ 2014లో పూర్తి సభ్యత్వం పొందింది, అదీ టైర్-1 (స్వయంప్రతిపత్తి ఉన్న సంస్థలు, యూనివర్సిటీ విభాగాల వర్గం) కింద గుర్తించిన కోర్సులకే వర్తిస్తుంది. మీ కోర్సు పేరు, మీరు పట్టా పుచ్చుకునే సంవత్సరం రెండూ జాబితాలో ఉండాలి. అమెరికాలో ఇంజినీరు లైసెన్సుకు మొదటి మెట్టయిన ఎఫ్ఈ పరీక్షను ఏడు విభాగాల్లో నిర్వహిస్తారు. అందులో ‘ఇతర శాఖలు’ అనే విభాగం ఉంది. కలగలుపు డిగ్రీవారు చాలామంది రాయగలిగేది అదే.

ప్రశ్న: ఇలాంటి డిగ్రీ తర్వాత పీజీకి ఏ శాఖకు దరఖాస్తు చేయాలి?

జవాబు: గొలుసు ఏ వైపు నాలుగు మెట్లు దిగిందో ఆ శాఖకు. రెండో వైపు వెళ్లాలంటే అక్కడి పీజీ మొదటి సెమిస్టర్ సబ్జెక్టులకు ముందు ఏమేం చదివి ఉండాలంటారో చూసి, లోటున్న రెండు మూడింటిని చివరి ఏడాది ఎలక్టివ్‌లుగా పూర్తిచేయండి. ఇంజినీరింగ్ పీజీ ప్రవేశ పరీక్ష గేట్‌లో 2021 నుంచి, అనుమతించిన జంటల్లో, రెండు పేపర్లు రాసే వీలుంది. 2024లో డేటా సైన్స్, కృత్రిమ మేధ పేపర్ కూడా చేరింది. రెండు పేపర్లకూ సగం సగం చదివి రెండింట్లోనూ మామూలు స్కోరు తెచ్చుకోవడం కన్నా, ఒకదాన్ని అసలు పేపర్‌గా, రెండోదాన్ని పై మెరుగుగా పెట్టుకోవడం తెలివైన పని.

ప్రశ్న: మధ్యలో కోర్సునే ఎత్తేస్తే?

జవాబు: ఎత్తేస్తారు, పెద్ద యూనివర్సిటీలు కూడా. స్టాన్‌ఫర్డ్ 2014లో కంప్యూటర్ సైన్స్‌తో సాహిత్యం, సంగీతం లాంటివి కలిపి ప్రయోగంగా తెచ్చిన ఉమ్మడి మేజర్లను 2019లో ఆపేసింది. రెండు శాఖల మధ్య నడిచే కోర్సుకు సొంత అధ్యాపకులు, సొంత బడ్జెట్ లేకపోతే నడిపించే ఒకరిద్దరు వెళ్లిపోగానే అది నీరసిస్తుంది.

సాధారణంగా చేరిన ఏటి నిబంధనల ప్రకారమే మిమ్మల్ని పూర్తిచేయనివ్వాలి. కానీ ఆ హక్కు సెమిస్టర్లు వదిలేసి తిరిగి వచ్చినవారికీ, గడువు దాటినవారికీ పోవచ్చు. చేరిన రోజు అమల్లో ఉన్న రెగ్యులేషన్స్, సిలబస్ కాపీ దింపి పెట్టుకోండి. రెండేళ్ల తర్వాత సైట్‌లో కొత్తది మాత్రమే ఉంటుంది. కోర్సు ఆగుతుందన్న వార్త రాగానే మూడు సంగతులు లిఖితపూర్వకంగా అడగండి: మిగిలిన తప్పనిసరి సబ్జెక్టులు ఏ సెమిస్టర్ వరకు నడుపుతారు, నడపకపోతే బదులుగా ఏవి ఒప్పుకుంటారు, పట్టా మీద పేరు పాతదే ఉంటుందా. రెండో ప్రశ్నకు జవాబు ఒక్కొక్కరికి ఒక్కోలా వస్తుంటే, అందరూ కలిసి ఒకే దరఖాస్తు పెట్టి సబ్జెక్టువారీ పట్టికగా జవాబు తెప్పించుకోండి.